మా ఇంటామె మెడలో అమెరికా కాసు

ఈస్టరుకు ముందొచ్చే మట్టల ఆదివారం, దానికి ముందురోజు శనివారం, పొద్దున పదిన్నర. ప్రొద్దుటూరులో మా తమ్ముడి ఇంటి గోడ గడియారం పదీ నలభై చూపిస్తోంది గానీ అది పది నిమిషాలు ముందు నడుస్తుంది. ఆ పది నిమిషాలు తీసేసి చెబుతున్నాను. ఆ వేళకు మా ఇంటామె కిటికీ పక్కన కుర్చీలో కూర్చుని ఉంది. ఆమె ముందు, బ్యాంకులో ఆఫీసరుగా చేసి రిటైరైన పెద్దమనిషి ఒకాయన రెండు మోకాళ్ల మీద కూర్చుని, కంటికి భూతద్దం పెట్టుకుని, ఆమె మెడ మీదికి వంగి ఉన్నాడు. నేను ఎదురుగా నిలబడి చూస్తున్నాను. పెండ్లయి ఇన్నేళ్లయింది, నేను కూడా ఆమె మెడను అంత శ్రద్ధగా చూసిన పాపాన పోలేదు.

ఆయన చూస్తున్నది మెడను కాదులెండి. మెడలో ఉన్న కాసును.

ఆ కాసు సంగతి ముందు చెప్పాలి. మా ముత్తవ్వ, అంటే మా నాయనకు నాయనమ్మ, ఒక అమెరికా దొరసాని ఇంట్లో బిడ్డను ఎత్తుకునే పనికి ఉండేదట. మాది ఆ కాలంలోనే క్రైస్తవ సంఘంలో కలిసిన ఇల్లు. ముత్తవ్వకు పెండ్లి కుదిరినప్పుడు తాళి కట్టాలా వద్దా అని పెద్ద రగడ అయిందట. మెడలో ఏమీ లేకుండా పెండ్లేమిటని చుట్టాలు. పాత ఆచారాలన్నీ వదిలేశాం కదా, ఇదొక్కటి ఎందుకని దొరసాని మొగుడు, పాదిరి దొర. మాట తెగేటట్టు లేదని దొరసాని లోపలికి పోయి, తన పెట్టెలో నుంచి వాళ్ల దేశపు బంగారు కాసు ఒకటి తెచ్చి, ఇది తాళి కాదు, మా దేశపు డబ్బు, దీన్ని ఉంచుకుంటే పాపం లేదని ముత్తవ్వ చేతిలో పెట్టిందట. ముత్తవ్వ నాయన దాన్ని తీసుకుని నేరుగా కంసాలి దగ్గరికి పోయి కొక్కెం పెట్టించి తాళి చేసేశాడు. దొర మాట నిలిచింది, చుట్టాల మాటా నిలిచింది.

అప్పటినుంచి అది మా ఇంట్లో పెద్దకోడలి మెడలోనే ఉంటుంది. అత్త మొగుడు పోయిన రోజు అత్త మెడలో నుంచి తీస్తారు, ఆ పొద్దే పెద్దకోడలి మెడలో వేస్తారు. మధ్యలో తీసేది లేదు. మా అమ్మకు జమ్మలమడుగులో ఆపరేషన్ చేసేటప్పుడు డాక్టరు మెడలోవన్నీ తీసేయమన్నాడు. ఆయన బతికుండగా ఇది తీసేదానికి నువ్వెవరని డాక్టరునే అడిగింది మా అమ్మ. చివరికి కాసు మీద అడ్డంగా ప్లాస్టరు అంటించి లోపలికి తీసుకుపోయారు.

కాసుకు ఒకవైపు నెత్తిన చిన్న కిరీటం పెట్టుకున్న ఆడమనిషి తల ఉంటుంది. చుట్టూ చుక్కలు. ఇంకోవైపు రెక్కలు చాపిన గద్ద. అయితే ఆ గద్ద మాత్రం తలకిందులుగా ఉంటుంది, బొచ్చు పీకేదానికి కాళ్లు పట్టి వేలాడదీసిన కోడి మాదిరి. కొక్కెం పెట్టిన కంసాలి ఆ పొద్దు తాగి ఉన్నాడని మా నాయన అనేవాడు. దొరసానికి అమెరికాలో ఎవరో తప్పు కాసు అంటగట్టి ఉంటారని మా చిన్నాయన అనేవాడు. ఇద్దరూ దీని మీద ఒక కరువు కాలమంతా మాట్లాడుకోలేదు.

నాకు అక్షరాలు వచ్చింది యాభై దాటినాక. ఆదివారం బడిలో పిల్లలకు చెప్పే మా ఇంటామే, నాకు కూడా పాటల పుస్తకం ముందేసుకుని చెప్పింది. ఆ తర్వాతనే కాసు మీద ఆడమనిషి మెడ కింద ఉన్నవి అంకెలని నాకు తెలిసింది. పద్దెనిమిది వందల డెబ్బై చిల్లర సంవత్సరం. అంతవరకూ అవి ఆమె వేసుకున్న పూసలనుకునేవాణ్ని.

ఇక మా తమ్ముడు. వాడు ప్రొద్దుటూరు బంగారు అంగళ్ల వెనక సందులో ఇంటి ముందరే ఒక బల్ల వేసుకుని, తెగిన గొలుసులు అతికేది, కమ్మలకు శీలలు మార్చేది, ఈ పని చేస్తాడు. మా నాయన పోయాక ఇల్లు, చేను, మంచాలు, చివరికి రోకలి కూడా పంచుకున్నాం. కాసు పంపకాల్లోకి రాలేదు. ఆడమనిషి మెడలో ఉన్నదాన్ని పంచుకోవడమేమిటని వాడూ అడగలేదు, నేనూ ఎత్తలేదు. అట్లా ఏళ్లు గడిచిపోయాయి. ఒకరోజు వాడు ఫోన్ చేశాడు.

“న్నా, వదిన మెడలో ఉండేది బంగారు కాసు కాదున్నా.”

“మరేంది, ఇత్తడా?”

“అయ్యో, బంగారం కన్నా ఎక్కువన్నా! అమెరికాలో అట్లాంటిదే ఒకటి ఏలం పాటలో కోట్లకు పోయింది. ఫోన్లో సూసినా.”

“ఉల్లిగడ్డ రసం తాగితే బట్టతల మీద ఎంటికలు మొలుస్తాయని కూడా ఫోన్లోనే సూసినావు గదరా.”

“అది ఏరే. ఈసారి నిజం. పులివెందులలో ఒక సార్ ఉండాడు, పాత కాసులన్నీ కూడబెడతాడు. ఆయన్ని పిలిపిస్తాండా. ఉత్త బంగారు ధరే అయితే వదిన మెడలోనే ఉండనీ, నేను నోరెత్తను. లచ్చలు పలికితే మాత్రం అమ్మి చెరి సగం. అమ్మ నీకొక్కనికే అమ్మ కాదు గదా న్నా.”

ఫోన్ పెట్టేశాను. మా ఇంటామెతో చెప్పాను. ఆమె చింతపండులో గింజలు తీస్తోంది. తల ఎత్తలేదు.

“లచ్చలైతే తీయల్లంటాడా?”

“అంటాడు.”

“కాకుంటే?”

“నీ మెడలోనే ఉండనీ అంటాడు.”

“సరే, సూడనీలే. అమెరికా దుడ్డుకు ఈడెవురు లచ్చలిస్తారు” అంది. అని ఊరుకోలేదు. ప్రయాణానికి ముందు సాయంత్రం గింజలు తీసిన ఆ చింతపండే ఇంత తీసుకుని, ఉప్పు కలిపి, గిన్నె మీదికి మెడ వంచి, పాత బ్రష్షుతో కాసును తోమింది. ఎవరైనా చూసేదానికి వస్తున్నారంటే ఏ వస్తువైనా తోమి పెట్టడం మా ఇళ్లల్లో పద్ధతి. క్రిస్మస్‌కు తోముతారు, ఈస్టరుకు తోముతారు, పెండ్లికి పోయే ముందు తోముతారు. పులివెందుల నుంచి ఆఫీసరు వస్తుంటే తోమకుండా ఎట్లా?

మాది మైలవరం పక్క ఊరు. జమ్మలమడుగు దాకా ఆటో, అక్కణ్నుంచి ప్రొద్దుటూరుకు బస్సు. బస్సులో నేను ఆ లక్షలు ఖర్చు పెట్టడం మొదలుపెట్టాను. ముందు బావికి కొత్త మోటరు. తర్వాత వసారాకు రేకులు. తర్వాత నాకు పండ్ల సెట్టు. పై వరసలో నాకు మిగిలినవి ముందు పండ్లు రెండే. వేరుశనగ ఉండలు తినాలంటే ఆ రెంటితో గీరుకోవాలి.

“ఏంది, నీలో నువ్వే నవ్వుకుంటాండావు?” అంది పక్కనుంచి.

“ఏం లే.”

“పండ్ల సెట్టేనా?”

కిటికీలో నుంచి బయటికి చూశాను.

మేము పోయేసరికి పులివెందుల ఆయన వచ్చి కూర్చుని ఉన్నాడు. బ్యాంకులో ఉన్నన్నాళ్లూ ఊరందరి డబ్బు లెక్కపెట్టి విసిగిపోయి, ఇప్పుడు ఏ అంగట్లోనూ చెల్లని డబ్బును పోగు చేసుకుంటున్నాడు. మంచి మనిషే. తెల్లగుడ్డ తొడుగులు చేతులకు వేసుకుని, నల్ల మెత్త ఒకటి బల్ల మీద పరిచి, దాని పక్కన చిన్న తక్కెడ పెట్టుకుని సిద్ధంగా ఉన్నాడు. మా ఇంటామెకు దణ్ణం పెట్టాడు.

“అమ్మా, నాణెం ఒకసారి ఇస్తారా?”

“ఇయ్యను.”

“చూసి ఇచ్చేస్తానమ్మా. ఈ మెత్త మీద పెడితే చాలు.”

“మెడలో నుంచి తీసేది లే సార్. సూడల్లంటే ఈడనే సూడండి.”

ఆయన మా తమ్ముడి మొహం చూశాడు. మా తమ్ముడు నేల చూశాడు.

“మరి ఎప్పుడు తీస్తారమ్మా?”

మా ఇంటామె గడ్డంతో నన్ను చూపించి, “ఆయప్ప పోయినాక” అంది.

అప్పుడు ఆయన నా వైపు తిరిగి, కాళ్ల నుంచి తలదాకా, తల నుంచి కాళ్లదాకా చూశాడు. గిత్తను కొనేవాళ్లు చూస్తారే, అట్లా.

“పెద్దాయనకు వయసెంతండీ?”

“డెబ్బై దాటినాయి” అన్నాను.

“బీపీ, షుగరు లాంటివి...?”

“ఏమీ లేవు సార్, గుండ్రాయి మాదిరి ఉండాడు” అన్నాడు మా తమ్ముడు. ఆ మాట సంతోషంగా అన్నట్టు నాకు వినిపించలేదు.

ఇక గత్యంతరం లేక ఆయన తక్కెడ పక్కకు పెట్టి మోకాళ్ల మీద కూర్చున్నాడు. మా ఇంటామె గొలుసు అందినంత దూరం కాసును ముందుకు చాపి పట్టుకుంది. సరిగ్గా ఆ సమయానికి పాస్టరయ్య గుమ్మంలోకి వచ్చాడు. పంపకం మాట వస్తే మధ్యన పెద్దమనిషి ఉంటాడని మా తమ్ముడే పిలిపించాడు. కానీ కాసు సంగతి ఏమీ చెప్పలేదు. ఆయన చూసేసరికి, ముక్కూమొహం తెలియని మనిషి ఒకడు ఒక పెద్దామె ముందు మోకరించి తల వంచి ఉన్నాడు. పాస్టరయ్య చెప్పులు విడిచి, కండ్లు మూసుకుని, ఆయన నెత్తి మీద చేయి పెట్టాడు.

“తండ్రీ, నలిగిన మనసుతో నీ దగ్గరికి వచ్చిన ఈ సహోదరుని జ్ఞాపకం చేసుకో తండ్రీ...”

ప్రార్థన పొడుగ్గానే సాగింది. పాపం, కాసులాయన హిందువు. లేస్తే బాగుండదని కదలకుండా అట్లే ఉండి, చివర అందరితోపాటు ఆయన కూడా “ఆమెన్” అన్నాడు. తర్వాత పాస్టరయ్యకు సంగతి చెప్పి కుర్చీ వేశాం.

కాసులాయన మళ్లీ భూతద్దం పెట్టాడు. చూస్తూనే మాకు పాఠం చెప్పాడు. అమెరికా వాళ్లు ఆ రోజుల్లో వాళ్ల బంగారాన్ని ఇట్లా కాసులుగా పోసేవాళ్లట. ఇది ఐదు డాలర్ల కాసు. ఒకే బరువు, ఒకే మాదిరి బంగారం ఉన్న రెండు కాసుల్లో ఒకటి ఉత్త బంగారు ధరకు పోతుందట, ఇంకొకటి ఇల్లు కొనేటంత ధరకు పోతుందట. ఏ సంవత్సరం పోశారు, ఏ ఊళ్లో పోశారు, ఎన్ని పోశారు, వాటిలో ఎన్ని కరిగించకుండా మిగిలాయి, మిగిలినవాటిలో మనిషి చేయి తగలనివి ఎన్ని, ఇదీ లెక్క.

“అంటే, వాడకుండా పెట్టుకున్న దుడ్డుకే విలువంటావు?” అన్నాను.

“అంతేనండీ.”

“మరి దుడ్డు దేనికి?”

ఆయన కాసును అటూ ఇటూ వాల్చి చూశాడు. మొహం ముడిచాడు.

“దీని మొదటి మెరుపు కనిపించడం లేదమ్మా.”

“అట్లంటారేంది సార్, తళతళ మెరుస్తాంది గదా. నిన్ననే తోమినా.”

“తోమారా? దేనితో?”

“చింతపండుతో.”

ఆయన మడమల మీదికి కూలబడ్డాడు. “ఎన్నాళ్లుగా తోముతున్నారు?”

“నేనే కాదు సార్, మా అత్త తోమేది. మా అత్తకు అత్త ఇటికపొడేసి తోమేదంట.”

ఆయన కండ్లు మూసుకున్నాడు. ఆయన్ని చూసి, మళ్లీ ప్రార్థనేమోనని పాస్టరయ్య కూడా కండ్లు మూసుకున్నాడు.

“అమ్మా, నాణేనికి చర్మం ఉంటుందమ్మా. మీరందరూ కలిసి దాన్ని ఒలిచేశారు. తోమిన నాణెం ధర సగానికి సగం పడిపోతుంది.”

“పడిపోతాదా?”

నేను మా ఇంటామె మొహం చూశాను. అంతవరకూ బిగబట్టుకుని కూర్చున్న మనిషి మొహంలో దీపం పెట్టినట్టయింది. కుర్చీలో ముందుకు జరిగింది.

“అయితే ఇదో, ఈడ సొట్ట గూడ ఉండాది సూడండి సార్. ఇదో అంచుకు. ఈడొకటి, ఈడొకటి.”

“అవునమ్మా, చూస్తున్నాను. ఇవి ఎట్లా పడ్డాయి?”

“మా అత్త రుబ్బురోటి కాడ కూసుంటే, ఒళ్లో పిల్లోడు కాసు పట్టుకుని రోటికేసి కొట్టేవాడంట. ఏ పిల్లోడనుకుంటాండారు? ఇదో, ఈయప్పే!”

మా తమ్ముడు గతుక్కుమన్నాడు. “వదినా, నాకు ఊహ తెలీని కాలం అది!”

“ధరకు తెలుసు గదా” అంది మా ఇంటామె. “ఎంత పోయింటాది సార్, ఈ సొట్టలకు?”

“చాలానే పోతుందమ్మా.”

“దేవునికి స్తోత్రం” అంది.

పెండ్లిచూపుల్లో పిల్ల లోపాలు దాచేవాళ్లను శానామందిని చూశాను. లోపాలన్నీ వెతికి వెతికి ముందు పెట్టే మనిషిని ఆ పొద్దే చూశాను. ఆడమనిషి ముక్కు అరిగిపోయింది చూడమంది. చుక్కల్లో ఒకటి కనపడటం లేదు చూడమంది. ఒక పక్క ఏదో గీత ఉంటే, అది మా అవ్వ బావిలోకి వంగినప్పుడు గిలక తగిలిన గీతని వంశచరిత్ర చెప్పింది. కాసులాయన ఒక్కొక్కటే విని నిట్టూర్చాడు. మా తమ్ముడి మొహం పొద్దు గుంకినట్టు గుంకుతోంది. నేనైతే మోటరు ఎప్పుడో వదిలేశాను. రేకులు కూడా పోయాయి. పండ్ల సెట్టు ఒక్కటే ఊగిసలాడుతోంది.

“ఇంక ఈ ఎనక్కు తిప్పి సూడండి, గద్ద గూడ తలకిందులు. తప్పు కాసు” అంది ఆమె, ఆఖరి దెబ్బగా.

“అది తప్పు కాదమ్మా. అమెరికా నాణేలన్నీ అంతే. మనం నాణేన్ని పక్కకు తిప్పుతాం. వాళ్లు పైనుంచి కిందికి తిప్పి చూడాలన్నట్టు పోస్తారు.”

మా నాయన, చిన్నాయన గుర్తొచ్చారు నాకు. ఒక కరువంతా మాటల్లేకుండా బతికారు, ఇద్దరూ తప్పే.

ఉన్నట్టుండి కాసులాయన భూతద్దాన్ని గద్ద తోక దగ్గరికి తెచ్చాడు. లేచి కిటికీ రెక్క పూర్తిగా తెరిచాడు. మళ్లీ మోకరించాడు.

“అయ్యో” అన్నాడు. “సరిగ్గా ఇక్కడే పెట్టారే కొక్కెం!”

సంగతి ఇది. ఆ కాసు ఏ ఊళ్లో పోశారో చెప్పే గుర్తు గద్ద తోక కింద చిన్న అచ్చుగా ఉంటుందట. గద్ద తలకిందులు కాబట్టి, ఆడమనిషి నెత్తి మీద పెట్టిన కొక్కెం వెనకవైపున గద్ద తోక దగ్గరికి వచ్చింది. అతుకు గట్టిగా ఉండాలని మా ముత్తవ్వ కాలపు కంసాలి టంకం ధారాళంగా పోశాడు. అది ముద్దగా కిందికి దిగి ఆ గుర్తును పూర్తిగా కప్పేసింది.

“అక్కడ ఏమీ లేకపోయినా, ఒక్క అక్షరమే ఉన్నా ఇది ఉత్త బంగారమే” అన్నాడు. “కానీ ఒకే అక్షరం రెండుసార్లు పక్కపక్కన ఉందనుకోండి, ఎడారిలో ఒక చిన్న ఊళ్లో పోసిన నాణెం అది. ఆ ఊరివి చాలా తక్కువ మిగిలాయి. అప్పుడు తోమినా, సొట్టలు పడినా, ఒలిచినా సరే, లక్షలే.”

“తీసేద్దాం!” మా తమ్ముడు లేచాడు. “కొక్కెమే గదా, ఒక్క నిమిసం పని. మంట పెడితే టంకం జారిపోతాది. సూసి, మల్లా అతికిచ్చేస్తా వదినా.”

మా ఇంటామె కాసును పిడికిట్లో పెట్టుకుంది.

“తీయను.”

“అక్కా, ఒక్క గంట” అంది మా తమ్ముడి పెండ్లాం. అంతవరకూ ఆమె అందరికీ కాఫీలు ఇస్తోంది. “తాళి రిపేరుకిచ్చినప్పుడు అందరూ పసుపుకొమ్ము కట్టుకుంటారు గదా. ఆ గంటసేపు నువ్వూ కట్టుకో.”

“పసుపుకొమ్మా?” అన్నాడు పాస్టరయ్య.

“కూరలో ఏసేదే లే అయ్యా” అందామె.

మా తమ్ముడు పాస్టరయ్యను పట్టుకున్నాడు. “అయ్యా, మీరు సెప్పండి. బైబిలు వాక్యం ప్రకారం తీయొచ్చా, తీయకూడదా?”

“వాక్యంలో కాసుల గురించి ఉంది గానీ, కొక్కేల గురించి లేదు” అన్నాడు పాస్టరయ్య.

“అయితే న్నా, నువ్వు సెప్పు. నీ పెండ్లాం గదా.”

అందరూ నా వైపు తిరిగారు. మా ఇంటామె తిరగలేదు. పిడికిలి వదలకుండా, కిటికీ వైపు చూస్తూ మాట్లాడింది, ఎవరితో అన్నట్టు లేదు.

“మామ పోయిన పొద్దు అత్త మెడలో నుంచి తీసి నా మెడలో ఏసినారు. అత్త ఏడస్తాంది. కాసు ఇంకా ఎచ్చగా ఉన్యాది. ఆ ఎచ్చన నా గుండెకు తగిలింది. ఇది దుడ్డని నేనెప్పుడూ అనుకోల్యా.”

నాలుక నా ముందు పండ్ల మీదికి పోయింది. రెండూ ఉన్నాయి, కొంచెం కదులుతున్నాయి అంతే.

“నాకుండే పండ్లతోనే జరిగిపోతాది లేరా” అన్నాను.

“పండ్లేందిన్నా? నేను నీ పండ్ల గురించి అడిగినానా? నా భాగం గురించి అడుగుతాండా!”

అప్పుడు తిరిగింది మా ఇంటామె.

“నీ భాగమెంతప్పా?”

“సగం.”

“దేంట్లో సగం?”

“దాని ధరలో.”

“ధరెంత?”

“అది తెలియల్లంటే కొక్కెం తీయల్ల గదా వదినా!”

“తీయను గదా. తీయకుండా ఎంత? సార్, మీరు సెప్పండి.”

కాసులాయన ఇబ్బందిగా కదిలాడు. “ఇట్లాగే అమ్మితే... బంగారు ధరేనమ్మా.”

“ఎంత బంగారం?”

“ఎనిమిది గ్రాముల పైన కొంచెం.”

“సగమంటే నాలుగు. ఇంద” అని చెవులకున్న కమ్మలు రెండూ తీసి మా తమ్ముడి బల్ల మీద పెట్టింది. అవి వాళ్ల అమ్మగారింట్లో పెట్టినవి. నేనెప్పుడూ వాటి జోలికి పోలేదు. “తూకమెయ్యి. తగ్గితే సెప్పు, ఎక్కువైతే ఉంచుకో. ఇంక ఈ కాసులో నీకు భాగం లే. నీ బిడ్డలకూ లే.”

మా తమ్ముడు అలవాటు కొద్దీ తూకమేశాడు. నాలుగు గ్రాముల పైనే తూగాయి. వాడి కష్టం అప్పుడు మొదలైంది. ఒక చేతిలో నాలుగు గ్రాముల నికరమైన బంగారం. ఇంకో పక్క టంకం కింద లక్షలో, ఏమీ లేకపోవడమో. ప్రొద్దుటూరు బజారులో పండిన మనిషి, అట్లా ఎటూ తేల్చుకోలేక నిలబడటం నేనెప్పుడూ చూడలేదు. ఆ అదను చూసి కాసులాయన దగ్గరికి జరిగాడు.

“అమ్మా, నేనొక మాట చెబుతాను. తీయనక్కర్లేదు. ఇట్లాగే, కొక్కెంతోనే, బంగారు ధరకు రెట్టింపు నేనిస్తాను. కింద ఏముంటే అది నా అదృష్టం.”

“సార్, మీ ఇంట్లో ఆమెకు తాళి ఉండాది గదా?”

“ఉందమ్మా.”

“రెట్టింపు ఇస్తామంటే తీసిస్తాదా?”

“మా ఆవిడది... మా ఆవిడది లాకర్లో ఉందమ్మా.”

ఇంక ఆయన ఆ ఊసెత్తలేదు. తొడుగులు తీసి మడతపెట్టుకున్నాడు.

మా తమ్ముడు ఇంకా కమ్మలను చూస్తూనే ఉన్నాడు అనుకున్నాం. చూస్తే బల్ల మీద ఒక కమ్మే ఉంది. రెండోది వాడి పెండ్లాం చెవిలో ఉంది.

“ఏమ్మే, నేనింకా ఒప్పుకోల్యా!”

“నువ్వు ఒప్పుకునేలోపల నా చెవి బొక్క పూడుకుపోతాది” అంది ఆమె, బల్ల మీద మిగిలినది కూడా తీసుకుంటూ. “నేను పెండ్లికూతురుగా వచ్చినప్పుడు అక్క ఇవి పెట్టుకునుండె. అప్పటినుంచి సూస్తాండా. అద్దం యాడుంది?”

“లచ్చలొస్తే ఇట్లాంటివి పది సేయించేవాణ్ని గదే!”

“నీ లచ్చలు టంకం కింద ఉండాయి. ఇవి నా చెవిలో ఉండాయి.”

మా తమ్ముడు కూర్చున్నాడు. “సరే వదినా, తీరిపోయింది” అన్నాడు. కోపంగా అనలేదు. ఆ మాట మాత్రం నిజంగా అన్నాడు. పాస్టరయ్య ఆ మాటను అందరికీ వినపడేటట్టు ఇంకోసారి చెప్పించి, ప్రార్థన చేశాడు. కాసులాయన ఈసారి తనంతట తానే తల వంచాడు. మధ్యాహ్నం రాగిసంగటి, నాటుకోడి పులుసు పెట్టారు. ముక్కలు నేను చీకాను, నమలలేదు.

బయలుదేరే ముందు మా తోడికోడలు, అంటే మా ఇంటామెకు తోడికోడలు, కొత్త కమ్మలతో వచ్చి, చీపురు పుల్లను చిన్న చిన్న ముక్కలుగా విరిచి ఇచ్చింది, చెవులు పూడకుండా పెట్టుకోమని. బస్సులో మా ఇంటామె చెవుల్లో చీపురు పుల్లలతో, మెడలో కాసుతో, మహారాణి మాదిరి కూర్చుంది.

“టంకం కింద ఏముందో తెలుసుకోవల్లని నీకు ల్యా?” అని అడిగాను.

“లే. తెలిస్తే మల్లా ఇంకొకడొస్తాడు.”

నాకు మాత్రం ఉంది. ఇప్పటికీ ఉంది. కానీ దానికి నేను పోవాలి. పోతే నాకెవరు చెబుతారు? పులివెందుల ఆయన మాత్రం పండుగ పండుగకూ ఫోన్ చేస్తాడు. నాణెం మాట ఎత్తడు, మర్యాదస్తుడు. “పెద్దాయన ఆరోగ్యం ఎలా ఉందండీ?” అంటాడు. “గుండ్రాయి మాదిరి ఉండా సార్” అంటాను. “సంతోషమండీ” అని పెట్టేస్తాడు.

ఆ పొద్దు జరిగింది మాట మీదనే జరిగింది, కాగితం మీద ఎవరూ రాసుకోలేదు. మా తమ్ముడు మాట తప్పే మనిషి కాదు, కానీ వాడి కొడుకుల చేతుల్లో కూడా ఫోన్లున్నాయి. అందుకే ఎవరెవరున్నారో రాసి పెడుతున్నాను, కావాలంటే పోయి అడగొచ్చు: మా ఇంటామె, కాసు వేసుకున్న మనిషి. మా తమ్ముడు, కమ్మలు తూకమేసిన మనిషి. వాడి పెండ్లాం, ఆ కమ్మలు పెట్టుకున్న మనిషి. పులివెందుల నుంచి వచ్చిన కాసులాయన. మధ్యన పెద్దమనిషిగా పాస్టరయ్య. ఇంక నేను.